సర్ ఆర్థర్ కాటన్: ఆచరణలో నిలిచిన దైవభక్తి

లోకమున మతమును గూర్చి మాటలాడువారు పెక్కుమంది. మతమును బ్రతికి చూపువారు కొందరే. దేవాలయమునకో, మసీదునకో, చర్చికో పోయివచ్చుటతో భక్తి ముగిసినదని తలచువారు ఎల్ల మతములయందును కలరు. ఆ వాకిలి దాటిన పిమ్మట మనుష్యుడు తన క్రిందివానితో ఎట్లు మాటలాడుచున్నాడు, తన పైవానియెదుట సత్యము పలుకుచున్నాడా, అలసినవానికి ధైర్యము చెప్పుచున్నాడా, తనకప్పగించిన పనిని ఎంత శ్రద్ధతో చేయుచున్నాడు అను ప్రశ్నలకు దొరకు సమాధానమే అతని భక్తికి నిజమైన కొలత. ఈ కొలతతో కొలిచి చూడదగిన జీవితములలో సర్ ఆర్థర్ థామస్ కాటన్ జీవితమొకటి.

గోదావరి మండలములలో కాటన్ దొర పేరు వినని ఇల్లు లేదు. ధవళేశ్వరము ఆనకట్ట ఆయన కట్టించినదనియు, మన గన్నవరము అక్విడక్టు ఆ పథకములోనిదే యనియు చిన్నపిల్లలకును తెలియును. కాని ఆ ఇంజనీరులో ఎట్టి విశ్వాసి యుండెనో, ఆ విశ్వాసము ఆయన మాటను, నడతను, పనిని ఎట్లు తీర్చిదిద్దెనో ఎరిగినవారు తక్కువ. మన గ్రంథాలయ రజతోత్సవ సమయమున ఆ సంగతిని చదువరుల ముందుంచుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆర్థర్ కాటన్ 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రి పేరు హెన్రీ కాల్వెలీ కాటన్. ఆ తండ్రికి పదకొండుమంది కుమారులు. వారిలో ఆర్థర్ ఒకడు. పెద్ద కుటుంబమగుటచే చిన్ననాటనే జీవనోపాధి వెదకుకొనవలసి వచ్చెను. పదునైదేండ్ల ప్రాయమున ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబు సైనిక విద్యాలయమున చేరి, 1821లో మదరాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగిగా మనదేశమున అడుగిడెను. మొదటి పనులలో రామేశ్వరము దగ్గరి పాంబను జలమార్గపు సర్వే యొకటి. 1824లో ఆరంభమైన మొదటి బర్మాయుద్ధమునకు ఆయనయు పోయెను. కోటలపై దాడులు, అడవులలో జ్వరములు, సహచరుల మరణములు చూచి వచ్చెను.

యౌవనముననే ఆయన మనస్సు దైవమువైపు గట్టిగా తిరిగెను. అంతకు ముందు ఆయన పేరునకు క్రైస్తవుడు. అటుపిమ్మట విశ్వాసమునుబట్టి క్రైస్తవుడు. ఆ కాలపు ఇంగ్లండులో సువార్తను హృదయపూర్వకముగా నమ్మి దినచర్యలో నిలుపుకొనవలెనను ఉద్యమమొకటి ప్రబలియుండెను. కాటన్ భక్తి ఆ తీరునకు చెందినది. మనుష్యునికి లభించిన తెలివి, బలము, కాలము అన్నియు దేవుడప్పగించిన సొమ్మనియు, యజమాని మరలివచ్చి లెక్క అడుగుననియు బైబిలులోని తలాంతుల ఉపమానము చెప్పును. కాటన్ ఆ ఉపమానమును తన వృత్తికి అన్వయించుకొనిన మనిషి. ఇంజనీరుకు అప్పగింపబడిన సొమ్ము నదులలోని నీరు. అది పొలములకు పారక సముద్రమున కలియుచుండగా ప్రజలు ఆకలిచే చచ్చుట ఆయన దృష్టిలో కేవలము పాలనాదోషము కాదు. దేవునియెదుట లెక్క చెప్పవలసిన దోషము.

ప్రోత్సాహము అనునది మాటతో చేయు సేవ. ఆ సేవ ఎంత దూరము ప్రాకునో చెప్పుటకు కాటన్ జీవితమునందలి ఒక చిన్న సంఘటన చాలును. సెలవుపై స్వదేశమునకు పోయి మరల ఇండియాకు వచ్చుచు ఆయన ఓడమార్గమును విడిచి పశ్చిమాసియా దేశములగుండా భూమార్గమున ప్రయాణించెను. 1833లో బాగ్దాదు నగరమున ఆంటనీ నారిస్ గ్రోవ్సు అను మిషనరీని కలిసికొనెను. గ్రోవ్సు దంతవైద్యుడై యుండి, ఆదాయమును విడిచి సువార్తసేవకు వచ్చినవాడు. బాగ్దాదులో మహామారియు వరదయు వచ్చినప్పుడు భార్యను పోగొట్టుకొని దుఃఖములో నుండెను. అట్టి స్థితిలోనున్న మనిషిని భారతదేశమునకు రమ్మని కాటన్ ప్రోత్సహించెను. గ్రోవ్సు ఆ ఏటనే మనదేశమునకు వచ్చి, పిమ్మట ఇంగ్లండు పోయి మరికొందరిని వెంటబెట్టుకొని 1836లో మరల వచ్చెను. అట్లు వచ్చినవారిలో బౌడెన్, బీర్ దంపతులు కలరు. వారే నరసాపురము కేంద్రముగా గోదావరి డెల్టా మిషనును నెలకొల్పినవారు. ఎడారి నగరమున ఒక బాటసారి పలికిన మాట గోదావరి తీరమున ఇన్ని పాఠశాలలకు, ఆసుపత్రులకు, సంఘములకు ఒక కారణమైనది. ఆ దినమున ఆ బాటసారి తాను ముందు గోదావరి దగ్గరకు రాగలనని ఎరుగడు.

తంజావూరు సీమలో కావేరి, కొల్లిడముల నీటిపారుదల సరిదిద్దు పని ఆయనకు అప్పగింపబడెను. 1836 మొదలు కొల్లిడముపై ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట నిర్మించెను. అక్కడ ఆయన గురువు పూర్వకాలపు చోళులు. కరికాలచోళుడు కట్టించెనని ప్రసిద్ధివహించిన కల్లణై అను పాత ఆనకట్టను ఆయన శ్రద్ధతో పరిశీలించెను. లోతు తెలియని ఇసుకలో పునాది ఎట్లు నిలుచునో ఆ పాత కట్టడమే తమకు నేర్పెనని బహిరంగముగా ఒప్పుకొనెను. పాలకజాతికి చెందిన ఉద్యోగి పాలితుల పూర్వులను గురువులుగా చెప్పుకొనుట ఆ కాలమున సామాన్యము కాదు. వినయము ప్రార్థనలో పలుకుట సులభము. తన వృత్తిలో, తన పేరు నిలుచుచోట పలుకుట కష్టము. కాటన్ వినయము ఈ రెండవ తరగతికి చెందినది.

1841లో ఎలిజబెత్ లెర్మంత్ అను యువతిని వివాహమాడెను. అనంతరము విశాఖపట్నము ప్రాంతమున పనిచేయుచుండగా, గోదావరి సీమ దుస్థితి ప్రభుత్వము దృష్టికి వచ్చెను.

ఆనాటి గోదావరి సీమను నేటి పచ్చదనమునుబట్టి ఊహింపరాదు. 1832–33లో నందన కరువు ఆంధ్రదేశమును కాల్చివేసెను. 1839లో తుపాను, ఉప్పెన కోరంగి తీరమును ముంచెత్తెను. ఒక ఏడు వరద, మరియొక ఏడు వానలేమి. పక్కనే మహానది పారుచుండగా పొలములు బీటలువారెడివి. రాజమండ్రి జిల్లాలో 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా నున్న జనసంఖ్య 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు దిగిపోయెను. చచ్చినవారు చావగా, మిగిలినవారిలో ఎందరో ఊళ్లు విడిచిపోయిరి. ఇరువదేండ్లలో నలుగురిలో ఒకరు లేకపోయిరన్నమాట.

1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ ఈ జిల్లా స్థితిని విచారించి, సమర్థుడైన ఇంజనీరుచే నదిని పరీక్షింపజేయవలెనని ప్రభుత్వమునకు వ్రాసెను. ఆ పని కాటన్‌కు లభించెను. ఆయన నదిని, పాయలను, నేల వాలును పరీక్షించి ధవళేశ్వరముకడ ఆనకట్ట కట్టవలెనని నివేదికలు సమర్పించెను. ఆ నివేదికలలో ఇంజనీరు లెక్కలతోపాటు ఒక విశ్వాసి ధర్మాగ్రహము కూడ కలదు. తమ పాలనలో జనము క్షీణించుచుండగా, నీరు కండ్లయెదుట వృథాగా పోవుచుండగా, ఊరకుండుట సిగ్గుచేటని పైఅధికారులకు వెరపులేక చెప్పెను. క్రిందివారిపై కోపించుట ఎవరికైనను చేతనగును. జీతమిచ్చువారియెదుట అప్రియసత్యము పలుకువాడు అరుదు. 1846 డిసెంబరులో కంపెనీ డైరెక్టర్లు అనుమతించిరి. 1847లో పని ఆరంభమయ్యెను.

ఇచ్చట ఒక సంగతి దాచరాదు. కంపెనీవారు దయతో మాత్రమే ఈ పనికి ఒప్పుకొనలేదు. నీరు వచ్చినచో శిస్తు పెరుగునని కాటనే వారికి లెక్కకట్టి చూపెను. ఆయన తానును పరదేశ ప్రభుత్వపు సేవకుడే. అయినను ఆ లెక్కలకు వెనుకనున్న కోరిక వేరు. లాభము చూపినగాని కదలని యజమానిని లాభము చూపియే కదల్చి, ఆకలిగొన్నవానికి అన్నము తెచ్చుట ఆయన ఎంచుకొనిన మార్గము.

పని మొదలుపెట్టుటకు ఆయన ఆరుగురు ఇంజనీర్లను, వారికి సహాయులను, రెండువేలమంది తాపీపనివారిని అడిగెను. లభించినది పని నేర్పవలసిన యువకుడొకడు, సర్వేయర్లు ఇద్దరు, అప్రెంటిసులు కొందరు. మరియొకడైనచో చేతులు ముడుచుకొని, సిబ్బంది లేరని కాగితములు వ్రాసి కూర్చుండెడివాడు. కాటన్ ఉన్నవారితోనే ఉపక్రమించెను. ఇక్కడనే ఆయన స్వభావములోని ముఖ్యగుణము బయటపడినది. పనిరానివారని ఇతరులు తలచినవారిలో శక్తిని చూచుట, ఆ శక్తి వారికే తెలియునట్లు బాధ్యతనప్పగించుట, తప్పటడుగు పడినప్పుడు తాను వెనుక నిలుచుట ఆయన పద్ధతి.

ఈ పద్ధతికి నిదర్శనముగా వీణెం వీరన్నగారిని స్మరింపవలెను. నదీజలములయెడ, మన ప్రజల మనస్సులయెడ అనుభవముగల ఈ తెలుగు ఉద్యోగి కాటన్‌కు కుడిభుజముగా నిలిచెను. వేలకొలది కూలీలను పల్లెపల్లెనుండి సమకూర్చుట, వారి వసతి, తిండి, కూలి చూచుట, భాష తెలియని దొరలకును కొలువు తెలియని కూలీలకును నడుమ వారధియగుట వీరన్నగారి పని. ప్రభుత్వము ఆయనకు రాయ్ బహదూర్ బిరుదమిచ్చెను. తెల్లవారి పేరు మాత్రమే రాతిపై చెక్కబడు ఆ దినములలో ఒక తెలుగు ఉద్యోగికి ఇట్టి గుర్తింపు లభించుట విశేషము.

ధవళేశ్వరముకడ గోదావరి చాల విశాలము. నడుమ లంకలు. అందుచే ఆనకట్టను ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టవలసివచ్చెను. వాని పొడవు కలిపి రెండు మైళ్లకు పైన. గుట్టనుండి రాతిని తెచ్చి ఇసుకపై పరచి, సున్నముతో బిగించుచు ముందునకు సాగిరి. ఎండకాలమున మండు ఇసుక. వానకాలమున చేసినదానిని కొట్టుకొనిపోజూచు వరద. కాటన్ పనిచోటనే కుటుంబముతో కాపురముండెను. దూరపు పట్టణములో కూర్చుండి ఆజ్ఞలు పంపలేదు. కూలీలు పడిన ఎండను తానును పడెను. ఆ ఎండయే 1848లో ఆయనను మంచమెక్కించెను. ఆరోగ్యము చెడి సెలవుపై ఆస్ట్రేలియా పోవలసివచ్చెను.

నాయకుడు లేనప్పుడు పని ఆగినదా? ఆగలేదు. కెప్టెన్ ఓర్ అను సహాయుడు భారము వహించి నడిపించెను. ఒక మనిషి ఇతరులను ఎట్లు తీర్చిదిద్దెనో తెలియుటకు ఆతడు లేనప్పటి దినములు మంచి పరీక్ష. 1850లో కాటన్ తిరిగివచ్చునప్పటికి పని సాగుచునే యుండెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ఆ ఓర్ పిమ్మట బెజవాడకడ కృష్ణానదిపై ఆనకట్ట నిర్మాణమును నిర్వహించెను. అది 1855లో పూర్తియయ్యెను.

ఇక మన ఊరి సంగతి. ధవళేశ్వరము దిగువ గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలై చీలును. ఆ రెంటి నడుమనున్నదే కోనసీమ. వసిష్ఠనుండి వైనతేయ పాయ విడివడి కోనసీమను మరల రెండుగా కోయుచున్నది. ఆనకట్టనుండి బొబ్బర్లంక, లొల్ల లాకులమీదుగా వచ్చు నీరు గన్నవరమువరకు రాగలదు; వైనతేయకు ఆవలనున్న రాజోలు, నగరము ప్రాంతములకు పోవుటకు దారి లేదు. చుట్టును నీరున్నను ఆ లంకభూములకు సాగునీరు లేదు. కాబట్టి క్రింద నది పారుచుండగా, పైన కాలువను తొట్టివలె నడిపించు అక్విడక్టు కట్టవలసివచ్చెను. నలువది అడుగుల వెడల్పుగల కమానులు నలువదితొమ్మిది. వరదలు లేని కొలదినెలలలోనే నదీగర్భమున పునాదులు వేసి పైకి రావలెను. ఇట్టి సాహసపు పనిని కాటన్ ఫీలిక్స్ థాకరే హేగ్ అను యువ లెఫ్టినెంటునకు అప్పగించెను. హేగ్ దానిని నెరవేర్చెను. ఆ కమానులు సుమారు నూటయేబది సంవత్సరములు వరదలకు, తుపానులకు తాళి మన పొరుగువారి పొలములకు నీటిని మోసెను.

ఈ హేగ్ కూడ కాటన్ వలెనే దృఢమైన క్రైస్తవుడు. పిమ్మట గోదావరి ఎగువభాగమున దుమ్ముగూడెముకడ పనిచేయుచుండగా కోయల దీనస్థితి ఆయనను కదలించెను. కోయలకొరకు సేవాకేంద్రము నెలకొల్పుడని చర్చి మిషనరీ సొసైటీవారిని కోరి, 1860 ప్రాంతమున దానిని ప్రారంభింపజేసెను. హేగ్ క్రింద సర్కారుద్యోగములోనున్న వెంకటరామరాజుగారు ఆయన నడతచే ఆకర్షింపబడి క్రైస్తవుడై, ఉద్యోగము విడిచి కోయల నడుమ తన జీవితమును గడిపెను. దీపమునుండి దీపము వెలిగినట్లు కాటన్ నుండి హేగ్, హేగ్ నుండి వెంకటరామరాజుగారు. మాటకన్న నడత ఎక్కువగా బోధించుననుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

ఆనకట్ట పనికై చేరిన కూలీలలో అంటరానివారని ఊరు దూరముంచిన కుటుంబములవారు ఎందరో యుండిరి. నరసాపురమునుండి వచ్చిన మిషనరీలు వారి నడుమ తెలుగులో సువార్త చెప్పిరి, పేరుపెట్టి పిలిచిరి, పక్కన కూర్చుండిరి. ఎన్నడును తమను మనుష్యులుగా పలుకరింపని లోకములో ఆ పలుకరింపే వారికి మొదటి సువార్తయై యుండును. అయితే కాటన్ తెచ్చిన నీరు ఏ మతమువానిదని అడుగక పారెను. గుడిమాన్యమునకును, మసీదు భూమికిని, క్రైస్తవుని చేనికిని ఒకే కాలువ. దేవుడు మంచివారిమీదను చెడ్డవారిమీదను ఒకే తీరున వాన కురిపించునను క్రైస్తవ బోధకు ఇది ఆచరణరూపము.

కాని నీరు అందరికొరకు పారినను నేల అందరిదై యుండలేదు. తట్టలతో మట్టిమోసి కాలువలు త్రవ్వినవారిలో అనేకులకు సెంటు భూమి లేకుండెను. డెల్టా సిరి మొదట భూమిగలవారి గాదెలు నింపెను. త్రవ్వినవారి పిల్లలు పాలేరుతనములోనే యుండిరి. కాటన్ దొరను స్తుతించునప్పుడు ఈ మాటను మరచుట ధర్మము కాదు. ఒక మనిషి తన తలాంతునకు లెక్క చెప్పెను. మిగిలిన లెక్క సంఘమునది. ఆ లెక్క పూర్తిగా తీరినదని నేటికిని చెప్పజాలము.

1860 ప్రాంతమున కాటన్ ఉద్యోగము విరమించెను. 1861లో ఆయనకు సర్ బిరుదము లభించెను. విశ్రాంతి దొరికినను పోరాటము ముగియలేదు. ఇండియాలోని నదులన్నిటిని కాలువలతో కలిపి, సేద్యమునకును పడవలకును ఉపయోగింపవలెనని ఆయన స్వప్నము. రైళ్లకన్న నీటికాలువలే పేదదేశమునకు మేలని ఏండ్లతరబడి వాదించెను. ఆయన లెక్కలన్నియు సరియైనవి కావు. తుంగభద్రనుండి కర్నూలు, కడపలవైపు త్రవ్విన కాలువను ఆయన ఎంతో సమర్థించెను; ఆ కంపెనీ నష్టపడగా 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. రైళ్లయెడ ఆయన చిన్నచూపు కాలమునకు నిలువలేదు. విశ్వాసము మనిషిని తప్పులేనివానిగా చేయదు. తాను నమ్మినది లోకమేమనినను పలుకు ధైర్యమునిచ్చును.

ఆ ధైర్యమునకు పరీక్ష ధాత కరువునాడు వచ్చెను. 1876–78 సంవత్సరములలో దక్షిణదేశమున అరకోటికి పైగా జనులు మరణించిరని అంచనా. కాటన్ నలువదేండ్లుగా ఏమి జరుగునని హెచ్చరించుచుండెనో అది జరిగెను. గోదావరి, కృష్ణా డెల్టాలలో పంట నిలిచి, ఆకలి ప్రాంతములకు ధాన్యము పంపగలిగెను. నీరులేని సీమలలో జనము రోడ్లప్రక్కన రాలిపోయెను. 1878లో పార్లమెంటు నియమించిన సంఘము ఇండియాలోని నీటిపనుల విషయము విచారించెను. డెబ్బదియైదేండ్ల కాటన్ దానియెదుట సాక్ష్యమిచ్చుటకు పోయెను. ఆయన పథకములు దుబారాయని, ఆయన ఉత్సాహము అతిశయోక్తియని నిరూపింపజూచినవారు అందుండిరి. వృద్ధుడు వెనుదీయలేదు. తన పేరు కాపాడుకొనుటకు ఆయనకు అక్కర లేదు. గోదావరిలో ఆ పేరు నిలిచియే యుండెను. బ్రతికియుండవలసిన జనము చచ్చినదను బాధయే ఆ ముసలివానిచే మాటలాడించినది.

చివరి సంవత్సరములు ఇంగ్లండులోని డార్కింగ్ అను పట్టణమున గడిపెను. పెద్ద బిరుదులు గల సేనాని అక్కడ ఎట్లు కాలము గడిపెనో చూడుడు. ఆయన కుమార్తె ఎలిజబెత్, పనివారు సారాకొట్లలో కూలిడబ్బు పోగొట్టుకొనకుండ, వారికొరకు కాఫీగది యొకటి నడిపెను. వేడికాఫీ, మంచిమాట, వేదపఠనము అక్కడ లభించెడివి. తండ్రి ఆమెకు అండగా నిలిచెను. పరభాషలు నేర్చుకొను మిషనరీల కష్టమును ఎరిగినవాడగుటచే, పుస్తకములోని వ్యాకరణముతో గాక, చెవితో విని నోటితో పలుకుచు భాష నేర్చుకొను పద్ధతిని ఆయన ప్రచారము చేసెను. 1876లో అరబ్బీభాషకు ఒక చిన్న వాచకము ప్రకటించెను. ఇతరుని హృదయము చేరవలెననిన ఇతరుని భాష అతనివలెనే పలుకవలెనని ఆయన భావము. ఎనుబదియేండ్లు దాటిన పిమ్మట తన తోటలో లోతుదున్నకము చేసి, తక్కువ నేలలో ఎక్కువ గోధుమ పండించుట ఎట్లో ప్రయోగములు చేయుచుండెను. సన్నకారు రైతునకు అది మేలుచేయునని ఆశ. ముసలితనము పని మానుటకు కారణమని ఆయన తలపలేదు.

1899వ సంవత్సరము జూలై 24వ తేదీన, తొంబదియారేండ్ల ప్రాయమున ఆయన దివంగతుడయ్యెను. మరుసటి ఏడు కుమార్తె ఆయన జీవితచరిత్రను ప్రకటించెను.

గోదావరి ప్రజలు ఆయనను మరువలేదు. గోదావరి స్నానసమయమున సంకల్పములో ఈ క్రైస్తవుని భగీరథునితో పోల్చి స్మరించిన బ్రాహ్మణ పండితులు ఉండిరి. ఊరూర విగ్రహములు వెలిసినవి. పాత ఆనకట్టకు మారుగా 1970వ దశకమున చేపట్టి నిర్మించిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టిరి. మన గన్నవరములో 2000 సంవత్సరమున ప్రారంభమైన క్రొత్త అక్విడక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. లంకలగన్నవరమున ఆకలితో వచ్చినవారికెల్ల, కులమెంచక, వేళయెంచక అన్నముపెట్టిన ఆ తల్లి 1841లో జన్మించి 1909లో పరమపదించెను. ఆమె వైదికాచారములో పెరిగిన గృహిణి. ఆయన పరదేశపు క్రైస్తవ ఇంజనీరు. ఒకరినొకరు ఎరిగిరో లేదో మనకవసరము లేదు. ఒకరు నీరు తెచ్చిరి, మరియొకరు అన్నము పెట్టిరి. ఇరువురి భక్తియు ఆకలిగొన్నవాని ముఖమునందే దేవుని చూచినది.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినదేమి? మనలో ఆనకట్టలు కట్టువారు ఎవ్వరునుండకపోవచ్చును. కాని ప్రతివానికిని ప్రతిదినము నాలుగు మాటలు పలుకు అవకాశముండును. బడిలో వెనుకబడిన పిల్లవానితో, పంటపోయిన పొరుగువానితో, పనిలోనికి క్రొత్తగా వచ్చిన కూలివానితో మనమేమని పలుకుచున్నాము? వానికి చేతకాదని పలుకుట ఒక దారి. ఓర్‌కు, హేగ్‌కు, వీరన్నగారికి పనినప్పగించినట్లు నమ్మి అప్పగించుట మరియొక దారి. పెద్దలయెదుట తీపిగాను, పేదలయెదుట కటువుగాను మాటలాడువాడు ఎన్ని ప్రార్థనలు చేసినను అతని మతము పెదవులది. ఆ రెండుచోట్లను ఒకే నాలుకతో మాటలాడువాని మతము హృదయమునది.

మతగ్రంథములను చదివి, వానిని బ్రతికినవారి చరిత్రలను కూడ చదువవలెను. రెండును ఒకే బీరువాలో లభించుచోటు గ్రంథాలయము. హిందువు, ముసల్మాను, క్రైస్తవుడు ఒకే బల్లచుట్టు కూర్చుండి చదువుకొనుట మన గ్రామమున అలవాటుగా నిలుచుగాక. కాలువకు లాకెట్లో గ్రామమునకు గ్రంథాలయమట్లు. తలుపులు తెరచియున్నంతకాలము దిగువపొలము ఎండదు. ఇరువదియైదు సంవత్సరములుగా తెరచియున్న మన తలుపులు ముందును తెరచియే యుండునట్లు చందాదారులందరును తోడ్పడుదురుగాక.